ఏషియన్ కప్‌లో ఇండియా: 1964 రన్నరప్ వెనక అసలు లెక్క

బెజవాడలో ఏషియా కప్ అంటే ఎవరికైనా క్రికెట్టే. ఫుట్‌బాల్‌కి కూడా అలాంటిది ఒకటుంది, ఏషియన్ కప్ అంటారు అని చెప్తే "మనోళ్లు ఆడతారా అందులో?" అనడుగుతారు. ఆడారండీ, ఇప్పటికి ఐదుసార్లు. ఫోన్లో వెతికితే ముందు కనపడేది 1964 రన్నరప్ అని, ఇంక అక్కణ్నుంచి మొదలు, ఒకప్పుడు ఏషియాలో సెకండ్ మనమే ఇప్పుడు ఎలా దిగజారామో చూడండి అని. అందులో సగమే నిజం.

అప్పటి టోర్నీ ఇజ్రాయెల్‌లో, ఆడింది మొత్తం నాలుగే టీమ్‌లు. మన జోన్‌లో మిగతావాళ్లు తప్పుకోవడంతో క్వాలిఫయర్ ఒక్కటి కూడా ఆడకుండానే వెళ్లాం. ఫైనల్ అనేదే లేదు, అందరూ అందరితో ఆడి పాయింట్లు చూసుకోవడమే. సౌత్ కొరియాని 2-0తో, హాంకాంగ్‌ని 3-1తో కొట్టాం, ఇజ్రాయెల్ మీద 0-2తో ఓడాం, సెకండ్ వచ్చాం. కొరియా మీద మొదటి గోల్ కొట్టింది అప్పలరాజు, మనూరి పేరే కదా, కానీ ఇక్కడ ఎంతమందికి తెలుసు ఆయన?

అలాగని ఆ టీమ్‌ని తక్కువ చేయకూడదు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చిన తరం అది, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. వీటన్నిటికీ కోచ్ మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. జకార్తా టైంకే ఆయనకి క్యాన్సర్, 1963లో పోయారు. నన్నడిగితే మన ఫుట్‌బాల్ గొప్పతనానికి రుజువు ఆ జకార్తా ఫైనల్, కొరియాని 2-1తో కొట్టింది, 64 రన్నరప్ కాదు. ఆయన తర్వాత ఆ పని అందుకున్నవాళ్లు లేరు, జపాన్ కొరియాలు ప్రొఫెషనల్ లీగ్‌లు పెట్టుకుని ముందుకెళ్తుంటే మనకి నేషనల్ లీగ్ వచ్చేసరికి 1996 అయింది.

మళ్లీ ఏషియన్ కప్‌కి వెళ్లడానికే ఇరవై ఏళ్లు పట్టింది. 1984 సింగపూర్, నాలుగు మ్యాచ్‌లు, ఒక్క గోల్ లేదు, ఇరాన్‌తో 0-0 ఒక్కటే చెప్పుకోవడానికి. 2011 ఖతార్‌కి వెళ్లింది చిన్న దేశాల కోసం పెట్టిన ఛాలెంజ్ కప్ 2008లో గెలిచి, అంటే పక్క గుమ్మంలోంచి అన్నమాట, అక్కడ మూడు మ్యాచ్‌ల్లో 13 గోల్స్ తిన్నాం.

2019 మాత్రం ఇప్పటికీ కడుపు మండుతుంది. థాయ్‌లాండ్‌ని 4-1తో కొట్టాం, మన స్ట్రైకర్ సునీల్ ఛెత్రీవే రెండు గోల్స్, 55 ఏళ్ల తర్వాత ఈ టోర్నీలో ఒక గెలుపు. ఆఖరి మ్యాచ్ బహ్రెయిన్‌తో డ్రా చేసుకుంటే చాలు నాకౌట్‌కి వెళ్లిపోతాం, 90 నిమిషాలు దాటాక పెనాల్టీ ఇచ్చి 0-1తో ఓడాం, కోచ్ కాన్‌స్టాంటైన్ ఆ రాత్రే రాజీనామా. ఇంకో సంగతి, అప్పటికి టోర్నీని 16 టీమ్‌ల నుంచి 24కి పెంచారు, మనకి దారి సులువైంది అందుకే. 2024 జనవరిలో ఖతార్‌లో మళ్లీ మూడుకి మూడూ ఓటమే, గోల్స్ సున్నా.

మొత్తం 16 మ్యాచ్‌లు, 3 గెలుపులు, 1 డ్రా, 12 ఓటములు, కొట్టినవి 12 గోల్స్, తిన్నవి 33. ఆ మూడు గెలుపుల్లో రెండు 64వే.

2027 సౌదీకైతే అసలు వెళ్లట్లేదు. క్వాలిఫయర్ గ్రూప్‌లో ఉన్నది హాంకాంగ్, సింగపూర్, బంగ్లాదేశ్, గ్రూపుల కోసం డ్రా తీసినప్పుడు ఈజీ గ్రూప్ అనుకున్నాం అందరం. బంగ్లాదేశ్‌తో షిల్లాంగ్‌లో 0-0, హాంకాంగ్ వెళ్లి 0-1, చివరికి 2025 అక్టోబర్లో మడ్గావ్‌లో సొంత జనం ముందు సింగపూర్ చేతిలో 1-2తో ఓడి అవుట్. కోచ్‌ని మధ్యలో మార్చారు కూడా. 24 టీమ్‌ల టోర్నీకి ఈ గ్రూప్ నుంచి కూడా పోలేకపోతే ఇంక తప్పు డ్రాది కాదు, కోచ్‌ది ఒక్కడిదీ కాదు.