డీఫైలో డబ్బు పోతే కట్టేదెవరు? 2016 నుంచీ తెగని పంచాయితీ

డీఫై అంటే బ్యాంకు, బ్రోకర్ లేకుండా బ్లాక్‌చైన్ మీద కోడ్‌తోనే నడిచే ఫైనాన్స్. అట్లాంటి ఏ ప్రోటోకాల్ హ్యాక్ అయినా జనం ముందు అడిగేది ఎంత పోయింది, ఎట్లా పోయింది అని. పోయాక ఆ నష్టం ఎవరి నెత్తిన పడింది అన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోరు, నాకైతే అసలు కథంతా అక్కడే ఉందనిపిస్తది.

2016లో ఎథీరియం అనే బ్లాక్‌చైన్ మీద ద డావో అని ఒక ఫండ్ వచ్చింది. మేనేజర్ ఉండడు, ఆఫీసు ఉండదు, అంతా కోడే చూసుకుంటది అన్నారు, జనం దాదాపు 15 కోట్ల డాలర్ల ఈథర్ (ఎథీరియం క్రిప్టో కరెన్సీ) తెచ్చి పోశారు. జూన్ 17న ఎవడో అందులోంచి 36 లక్షల ఈథర్ లాగేశాడు. లోపం చూస్తే ఇంతేనా అనిపిస్తది: కాంట్రాక్ట్, అంటే ఆ ఫండ్‌ని నడిపే కోడ్, ముందు డబ్బు పంపించి ఆ తర్వాత బ్యాలెన్స్ తగ్గించేది, ఆ మధ్యలో దొరికిన సందులో వాడు మళ్ళీ మళ్ళీ విత్‌డ్రా కొట్టాడు, క్యాషియర్ నోట్లిచ్చి పాస్‌బుక్‌లో రాసేలోపే ఇంకోసారి చెయ్యి చాపినట్టు. రీఎంట్రన్సీ అంటారు దీన్ని. లాగిన డబ్బు 28 రోజుల దాకా బయటికి తీయడానికి లేకుండా రూల్ ఉండబట్టి ఆలోచించుకునే టైం దొరికింది. కోడే చట్టం అన్నప్పుడు కోడ్ ఒప్పుకున్న పని దొంగతనం ఎట్లా అవుతుందని కొందరు అడ్డం తిరిగారు కూడా. చివరికి జూలై 20న హార్డ్ ఫోర్క్ చేసి, అంటే చైన్ రికార్డునే మార్చి, డబ్బు వెనక్కి తెచ్చారు, ఒప్పుకోనివాళ్ళు పాత చైన్‌లోనే ఉండిపోయారు, అదే ఎథీరియం క్లాసిక్.

మరి తర్వాతవాళ్ళకీ అట్లాగే చేశారా అంటే, లేదు. 2017 నవంబర్లో పారిటీ అనే క్రిప్టో వాలెట్లు వాడుకునే ఉమ్మడి కోడ్‌ని (లైబ్రరీ) ఒక యూజర్ డిలీట్ చేసేసరికి 5 లక్షలకు పైగా ఈథర్ ఇరుక్కుపోయింది. 2018లో ఫోర్క్ కోసం ఓటింగ్ పెడితే వద్దనేవాళ్ళే ఎక్కువయ్యారు. అంటే చైన్‌ని తిరగరాయడం ఆ ఒక్కసారికే.

2020లో బీజీఎక్స్ అనే అప్పులిచ్చే డీఫై ప్రోటోకాల్ మీద ఫ్లాష్ లోన్ దాడులు మొదలయ్యాయి, తాకట్టు లేకుండా అప్పు తీసుకుని, ధరని అటూ ఇటూ ఊపి, అదే ట్రాన్సాక్షన్‌లో అప్పు తీర్చేసి మిగిలింది జేబులో వేసుకోవడం. 2021 ఆగస్టులో పాలీ నెట్‌వర్క్ నుంచి 61 కోట్ల డాలర్లు పోతే దొంగే తిరిగిచ్చేశాడు, వాళ్ళేమో అతనికి సెక్యూరిటీ సలహాదారు పోస్టు ఆఫర్ చేశారు! 2022 అంతా బ్రిడ్జిల మీదే దాడులు, బ్రిడ్జి అంటే ఒక చైన్ నుంచి ఇంకో చైన్‌కి డబ్బు దాటించేది. వార్మ్‌హోల్‌లో పోయిన 1,20,000 ఈథర్‌ని వెనకున్న జంప్ క్రిప్టో తన డబ్బుతో నింపింది. రోనిన్‌లో లావాదేవీలకి ఆమోదం తెలిపే 9 వాలిడేటర్ కీలకి 5 దొంగల చేతికి చిక్కాయి, ఇది ఉత్తర కొరియా హ్యాకర్ల ముఠా లాజరస్ పనే అని ఎఫ్‌బీఐ చెప్పింది. నోమాడ్ అయితే మరీ ఘోరం, ఒక అప్‌డేట్‌లో తప్పు వల్ల మొదటివాడి ట్రాన్సాక్షన్ కాపీ కొట్టి అడ్రస్ మార్చుకున్న ప్రతివాడికీ డబ్బు వచ్చేసింది, దాదాపు 19 కోట్ల డాలర్లు అట్లా ఊడ్చేశారు. కొందరు వెనక్కిచ్చారు గానీ దాన్ని నింపడానికి జంప్ లాంటి పెద్దన్న ఎవరూ లేరు.

కోడే చట్టం అన్న వాదన కోర్టు దాకా కూడా వెళ్ళింది. 2022 అక్టోబర్లో మ్యాంగో మార్కెట్స్ అనే డీఫై ట్రేడింగ్ ప్లాట్‌ఫామ్ నుంచి 11 కోట్ల డాలర్లు తీసుకున్న అవ్రహాం ఐసెన్‌బర్గ్ ఇదంతా లీగలే అని బహిరంగంగానే చెప్పుకున్నాడు. 2024లో న్యూయార్క్ జ్యూరీ దోషి అంది, 2025 మేలో జడ్జి ఆ తీర్పు కొట్టేశాడు. ఇక రీఎంట్రన్సీ 2023 జూలైలో మళ్ళీ వచ్చింది, కర్వ్ అనే డీఫై ఎక్స్ఛేంజ్ పూల్స్‌లో, ఈసారి తప్పు కాంట్రాక్ట్‌లో కాదు, రాసిన కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే వైపర్ కంపైలర్‌లోనే.

మన దగ్గర చాలామందికి తగిలిన దెబ్బ మాత్రం వజీర్‌ఎక్స్‌ది. అది డీఫై కాదు, కంపెనీ నడిపే క్రిప్టో ఎక్స్ఛేంజ్, కానీ 2024 జూలై 18న పోయిన 23 కోట్ల డాలర్లు పోయింది స్మార్ట్ కాంట్రాక్ట్ మల్టీసిగ్ (ఒకరికంటే ఎక్కువమంది సంతకం చేస్తేనే డబ్బు కదిలే) వాలెట్ నుంచే. విత్‌డ్రాలు ఆపేశారు, వ్యవహారం సింగపూర్ హైకోర్టుకి పోయింది, యూజర్లు ఏడాదికి పైగా ఎదురుచూశారు. బ్యాంకులో అయితే 5 లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంటది, క్రిప్టోకి అట్లాంటిదేం లేదు, లాభం వస్తే మాత్రం 30 శాతం పన్ను, అందులోనూ ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేసుకోనివ్వరు.