ఇసుకలో వెతికేది తుక్కులోనూ ఉంది: రేర్ ఎర్త్ గొడవ వెనుక కథ

2026-27 కేంద్ర బడ్జెట్‌లో ఒడిశా, కేరళ, తమిళనాడుతో పాటు ఆంధ్రప్రదేశ్‌కూ రేర్ ఎర్త్ కారిడార్ (ఆ లోహాల తవ్వకం, శుద్ధి, తయారీకి ప్రత్యేక ప్రాంతం) ప్రకటించడంతో తీర ఇసుక తవ్వకాల మీద వాదనలు మళ్లీ మొదలయ్యాయి. రేర్ ఎర్త్ అంటే నియోడిమియం లాంటి లోహాల గుంపు. ఎలక్ట్రిక్ బండ్ల మోటార్లలోని బలమైన అయస్కాంతాలకు ఇవి కావాలి, మన తీర ఇసుకలోని మోనజైట్ అనే ఖనిజంలో దొరుకుతాయి. అంతకుముందే, 2025 ఏప్రిల్ 4న, చైనా ఏడు రేర్ ఎర్త్ లోహాలపైనా వాటితో చేసే అయస్కాంతాలపైనా ఎగుమతి ఆంక్షలు పెట్టింది. ఎలక్ట్రిక్ బండ్ల కంపెనీలకు అప్పటి నుంచి టెన్షనే. చైనా ఈ రంగాన్ని ఎలా గుప్పిట్లో పెట్టుకుందో అందరికీ తెలిసిందే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే మాత్రం 2010 సెప్టెంబరుకు వెళ్లాలి.

ఆ నెలలో, చైనా, జపాన్ రెండూ తమవే అనే సెంకాకు దీవుల దగ్గర చైనా చేపల పడవ ఒకటి జపాన్ గస్తీ నౌకలను ఢీకొట్టింది. పడవ కెప్టెన్‌ను జపాన్ అదుపులోకి తీసుకుంది. కొద్ది రోజులకే ఆ దేశానికి రేర్ ఎర్త్ సరుకు ఆగిపోయింది. అప్పట్లో జపాన్ వాడకంలో దాదాపు 90 శాతం చైనా నుంచే వచ్చేది. జపాన్ వెంటనే ఆస్ట్రేలియా కంపెనీలో డబ్బు పెట్టింది, మన దగ్గరికీ వచ్చింది. అక్కడితో ఆగకుండా ఇళ్లలో, ఆఫీసుల్లో పడి ఉన్న పాత సామాను వైపు చూసింది. అదే ఏడాది డిసెంబరులో హిటాచీ ఒక యంత్రాన్ని ప్రకటించింది. పాత హార్డ్ డిస్కులను డ్రమ్ములో వేసి తిప్పితే అయస్కాంతాలు విడిపోయి బయటపడతాయి. చేత్తో విప్పే మనిషి గంటకు 12 తీస్తే, యంత్రం 100 తీస్తుందని కంపెనీ లెక్క. 2013లో హోండా పాత హైబ్రిడ్ బ్యాటరీల్లోని రేర్ ఎర్త్‌ను తీసి మళ్లీ వాడటం మొదలుపెట్టింది. తర్వాతి ఏళ్లలో చైనా వాటా 60 శాతం దగ్గరికి దిగింది.

మనం మాత్రం సరఫరాదారులుగా మిగిలాం. 2012 ఒప్పందం కింద ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ఒడిశా నుంచి ఇచ్చే సరుకును విశాఖలో టయోటా సుషో అనుబంధ సంస్థ శుద్ధి చేసి జపాన్‌కు పంపేది. కార్లకు కావలసిన నియోడిమియం అయస్కాంతాలను మాత్రం మనం దిగుమతి చేసుకుంటూనే ఉన్నాం. 2023 మేలో విశాఖలో జాతికి అంకితం చేసిన అయస్కాంతాల ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. అది చేసేది సమేరియం-కోబాల్ట్ రకం, ముఖ్యంగా రక్షణ, అంతరిక్ష అవసరాలకు. జపాన్‌కు ఎగుమతి ఆపమని కేంద్రం చెప్పినట్టు 2025 జూన్‌లో వార్తలొచ్చాయి.

నా దృష్టిలో అంతకన్నా పెద్ద నష్టం 2022 ఈ-వ్యర్థాల నిబంధనల్లో జరిగింది. పాత సామాను రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదేనని, అందుకు రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొనాలని అవి చెప్పాయి. మంచి పద్ధతే. కానీ ఆ సర్టిఫికెట్లు బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియంతోనే మొదలయ్యాయి. నియోడిమియం లెక్కలోకే రాలేదు. హార్డ్ డిస్క్ మూత తీస్తే ఒక మూల నికెల్ పూతతో మెరిసే వంపు తిరిగిన బిళ్ల కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్ దగ్గరికి తెస్తే లాగేసుకుంటుంది. దాని బరువులో దాదాపు మూడో వంతు రేర్ ఎర్తే. డిస్కును అలాగే ముక్కలు చేస్తే ఆ పెళుసు బిళ్ల పొడై ఉక్కు ముక్కలకు అతుక్కుని, ఇనుముతో పాటే ఫర్నేసుకు పోతుంది. అక్కడ నియోడిమియం ఆక్సైడుగా మారి చిట్టెంలో కలుస్తుంది. తిరిగి తీయడం గిట్టుబాటు కాదు.

తుక్కు సరిపోదన్నది తవ్వకాలు కోరేవాళ్ల వాదన. ఇవాళ రోడ్డెక్కిన ఎలక్ట్రిక్ కారు తుక్కుకు రావడానికి పదేళ్లు పైనే పడుతుంది, నిజమే. అయితే కంప్యూటర్లు, స్పీకర్లు ఇప్పటికే గుట్టలుగా ఉన్నాయి. పైగా మోనజైట్‌ను శుద్ధి చేస్తే థోరియం కూడా వస్తుంది, రేడియోధార్మికత ఉన్న ఆ పదార్థాన్ని జాగ్రత్తగా దాచాలి. వాడేసిన అయస్కాంతంతో ఆ బాధ లేదు. అందులోని లోహం ఒకసారి శుద్ధి అయినదే. తీరంలో మత్స్యకారుల బతుకుతో దానికి పనీ లేదు.

2025 సెప్టెంబరులో కేంద్రం కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కు 1,500 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. అందులో మూడో వంతు చిన్న, కొత్త రీసైక్లర్లకు. నవంబరులో అయస్కాంతాల తయారీకి మరో 7,280 కోట్లు ఇచ్చింది, లక్ష్యం ఏడాదికి 6,000 టన్నుల సామర్థ్యం. ఆ ఫ్యాక్టరీలు లేచేలోగా సర్టిఫికెట్ల జాబితాలో నియోడిమియం, మరో రేర్ ఎర్త్ లోహమైన డిస్ప్రోసియం చేర్చాలి. అప్పుడే తుక్కు వ్యాపారి ఆ బిళ్లను ఇనుములో కలపకుండా విడిగా తీసి అమ్ముతాడు.