ఆ తల్లి పెట్టిన కేక

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. పోయిన సెలవుల్లో నేను పెట్టిన నలుపు తెలుపు సినిమాను సగంలో వదిలేసి లేచిపోయారు. "ఇందులో భయపడడానికి ఏముంది తాతయ్యా?" అన్నారు. ఆ ప్రశ్న అప్పటినుంచీ నా మనసులో మెదులుతూనే ఉంది.

అది దర్శకుడు హిచ్‌కాక్ 1934లో బ్రిటన్‌లో తీసిన 'ది మ్యాన్ హూ న్యూ టూ మచ్'. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌కు విహారానికి వెళ్లిన లారెన్స్ దంపతుల కళ్లెదుటే వాళ్ల స్నేహితుడొకడు తుపాకి గుండుకు బలవుతాడు. అతడొక గూఢచారి. ప్రాణం పోతూ, తాను దాచిన చీటీ సంగతి చెబుతాడు. లండన్‌లో జరగబోయే ఒక హత్యకు అదే ఆనవాలు. చీటీ వాళ్ల చేతికి రాగానే కూతురు బెట్టీ మాయమవుతుంది.

ఇక్కడే ఆగి ఆలోచించండి. పిల్లను ఎత్తుకుపోయినవాళ్లు డబ్బు అడగలేదు. నోరు మెదపవద్దన్నారు, అంతే. డబ్బయితే ఎలాగో కూడబెట్టి ఇచ్చి, బిడ్డను తెచ్చుకుని, తలుపు వేసుకోవచ్చు. కానీ మౌనంగా ఉంటే ముక్కూమొహం తెలియని ఒక మనిషి చస్తాడు. నోరు విప్పితే సొంత బిడ్డ దక్కదు. నన్ను భయపెట్టింది ఇదే.

లండన్‌లోని ఆల్బర్ట్ హాలులో కచేరీ జరుగుతుంటుంది. బృందగానం పతాకస్థాయికి చేరి హోరెత్తినప్పుడు, ఆ మోతలో కలిసిపోయేలా ఒక విదేశీ ప్రముఖుణ్ణి కాల్చాలన్నది పథకం. ఇది మనకు ముందే తెలుసు. అందుకే పాట ఎంత ఇంపుగా సాగుతుంటే గుండె అంత బరువెక్కుతుంది. తల్లి జనం మధ్య నిలబడి ఉంటుంది. కళ్లలో నీళ్లు. తెర చాటునుంచి తుపాకి గొట్టం మెల్లగా బయటికి వస్తుంది. సరిగ్గా ఆ క్షణాన ఆమె కెవ్వున అరుస్తుంది. గురి తప్పుతుంది, ఆ మనిషి గాయంతో బతుకుతాడు. ఆ కేకకు ముందు ఆమె ముఖాన్ని చూడకుండా లేచిపోయారే అన్నదే నా బాధ.

దుండగుల నాయకుడిగా వేసిన పీటర్ లారీ నాజీల రాకతో జర్మనీ విడిచి వచ్చినవాడు. అప్పటికి ఇంగ్లీషు అంతంత మాత్రమే, సంభాషణలు చాలావరకు ఉచ్చారణ పట్టి బట్టీపట్టాడు. ఎంత మృదువుగా మాట్లాడతాడో, అంత వణుకు పుట్టిస్తాడు.

చివర్లో దుండగుల ఇంటిని పోలీసులు చుట్టుముట్టడానికి 1911లో లండన్ సిడ్నీ వీధిలో జరిగిన నిజమైన ముట్టడే ప్రేరణ. హంతకుడు బెట్టీని ఇంటి కప్పు మీదికి తరుముతాడు. పిల్లకు తగులుతుందేమోనని పోలీసు తటపటాయిస్తాడు. తల్లి అతడి చేతిలోని తుపాకి అందుకుంటుంది. సినిమా మొదట్లో స్విట్జర్లాండ్‌లో గురిపోటీలో ఆమెను ఓడించినవాడు ఈ హంతకుడే. ఈసారి ఆమె గురి తప్పదు.

బెట్టీని కిందికి దించి అమ్మానాన్నలకు అప్పగిస్తారు. ఆ పిల్ల నవ్వదు, ఇంకా వణుకుతూనే ఉంటుంది.

దసరాకు వచ్చినప్పుడు మళ్లీ పెడతాను. ఈసారి కచేరీ అయ్యేదాకా కూర్చోండి.

మీ తాతయ్య