పాటిదిబ్బ ఎవరి ఊరు?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు పాటిదిబ్బ మీద మీరు ఏరిన కుండ పెంకులు గూట్లో భద్రంగా ఉన్నాయి. "ఇక్కడ ఊరుండేదా తాతయ్యా?" అని అడిగారు. పాటి అంటేనే పాడుబడ్డ ఊరి చోటు. ఆ మట్టి పొలానికి బలమని రైతులు బండ్లకెత్తి తోలుకుపోయేవారు. ఊరి పేరు మాత్రం పాత పటాన్ని అడగాలి.

సర్వే ఆఫ్ ఇండియా వారి పాత పటాల షీట్లలో అంగుళం అంటే నేల మీద మైలు. మీ నాన్న బొటనవేలు ఆనించిన మేరలో మన పొలాలన్నీ ఇమిడిపోతాయి. ముందు అంచున చూడండి. సర్వే చేసిన సంవత్సరం వేరు, అచ్చేసిన సంవత్సరం వేరు. మనకు కావలసింది మొదటిది. పసుపు సాగునేల, ఆకుపచ్చ అడవి, ఎరుపు ఇళ్లు. నేల ఎత్తును చూపే గోధుమరంగు గీతలు దగ్గర దగ్గరగా ఉంటే అక్కడ ఎక్కుడు నిటారు. వాగుల దగ్గర కాస్త ఆగండి: నీళ్లున్న వాగు నీలం, ఎండినది నలుపు. మనుషులున్న ఊరికి ఒక గుర్తు, వదిలేసిన ఊరికి ఇంకో గుర్తు. మీ దిబ్బ దగ్గర ఆ రెండో గుర్తు వెతకండి.

పేర్లు చూసి తికమకపడకండి. దొరలు చెవికి తోచినట్టు రాసుకున్నారు. విజయవాడ బెజవాడగా, మచిలీపట్నం మసూలిపటంగా ఉంటాయి. పైకి చదివితే సగం పేర్లు చెవికి తెలిసిపోతాయి.

1967కు ముందు సర్వే చేసిన షీటు దొరికితే మాచర్ల పక్కన కృష్ణ ఒడ్డు చూడండి. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు ఏరు, నడుమ లోయ. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి అక్కడే. సాగర్ ఆనకట్ట వస్తుందని 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ వారు ఆ పాత నగరాన్ని గబగబా తవ్వి చూశారు. ఇప్పుడా లోయ నీళ్ల అడుగున ఉంది, నాగార్జునకొండ శిఖరం దీవిగా మిగిలింది. మొదటిసారి ఆ లోయను కాగితం మీద చూసినప్పుడు చాలాసేపు వేలు అక్కడి నుంచి తీయలేకపోయాను.

వేసవికి వచ్చేటప్పుడు మన షీటు పెద్దగా ప్రింటు తీయించి తెండి. పొద్దున్నే దిబ్బ దగ్గరికి వెళదాం. గొర్రెలు కాసే పెద్దాయన్నీ పిలుస్తాను. పాత బావి ఎక్కడ పూడిపోయిందో ఆయనకు తెలుసు. పటం మీద ఆ బావి ఉందో లేదో మీరు చూడాలి.

మీ తాతయ్య