విషం మరిచిన బూజు

జపాన్‌లో ఇజకాయాకి, అంటే మందూ తిండీ దొరికే బార్‌కి, వెళ్లి కూర్చోగానే, మనం అడక్కుండానే ఓ చిన్న గిన్నెలో ఏదో ఒక కూర తెచ్చి ముందు పెడతారు. దాని డబ్బు బిల్లులో పడుతుంది. జపాన్‌కి కొత్తగా వెళ్లినవాళ్ల మొదటి గొడవ చాలాసార్లు దీని దగ్గరే. ఒతోషి అనే ఆ గిన్నె నిజానికి కుర్చీకి అద్దె లాంటిది, వాదించి లాభం లేదు. మొదటి రౌండ్‌లో ఎక్కువమంది బీరే చెబుతారు. ఆ తర్వాత సాకే, అంటే బియ్యాన్ని పులియబెట్టి చేసే మద్యం. కొన్ని బార్లలో చదరపు చెక్క డబ్బాలో గాజు గ్లాసు నిలబెట్టి, పొంగి డబ్బాలోకి కారేదాకా సాకే పోస్తారు. గ్లాసు ఎత్తితే ఒలుకుతుంది కాబట్టి, తల వంచి మొదటి గుక్క పీల్చుకోవాల్సిందే.

మెనూలో చాలాచోట్ల దీన్ని రైస్ వైన్ అని రాస్తారు. నాకైతే ఆ పేరు నచ్చదు. ద్రాక్షరసంలో చక్కెర ముందే ఉంటుంది. మన తాటిచెట్టు కల్లూ అంతే: కుండలోకి దిగిన నీరా అప్పటికే తీపి, గాలిలోని ఈస్ట్ పడిందంటే ఎండ ఎక్కేసరికి పులుస్తుంది. బియ్యం కథ వేరు. అందులో ఉన్నది పిండిపదార్థం, దాన్ని తినడం ఈస్ట్‌కి చేతకాదు. ముందు ఎవరో ఒకరు ఆ పిండిని చక్కెరగా విరిచి పెట్టాలి. బీరు చేసేవాళ్లు బార్లీని మొలకెత్తించి, ఆ మొలకలోని ఎంజైమ్‌లతో ఆ పని చేయించుకుంటారు. జపాన్ వాళ్లు బూజుకి అప్పజెప్పారు.

ఆ బూజు శాస్త్రీయనామం ఆస్పర్‌జిల్లస్ ఒరైజే. దాన్ని పెంచిన బియ్యాన్ని కోజి అంటారు. ఆవిరి మీద ఉడికించిన బియ్యాన్ని వెచ్చటి చెక్క గదిలో పరిచి, ఆకుపచ్చటి బీజాల పొడిని జల్లెడతో సన్నగా చల్లుతారు. సుమారు రెండు రోజుల పని. బూజు పెరుగుతూ తానే వేడి పుట్టిస్తుంది. వదిలేస్తే ఆ వేడికి తానే చస్తుంది కూడా. అందుకే రాత్రిపూట లేచి మరీ గడ్డలు విడదీస్తారు, తిరగేస్తారు, పలచగా పరుస్తారు. చివరికొచ్చేసరికి గింజ మీద తెల్లటి నూగు ఉంటుంది. నాలుగు గింజలు నోట్లో వేసుకుంటే తియ్యగా తగులుతుంది.

అసలు విచిత్రం ఈ బూజు చుట్టరికంలో ఉంది. దీని అతి దగ్గరి బంధువు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. వేరుశనగ కాయల్లో చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేసేది అదే. కాలేయ క్యాన్సర్ తెచ్చే ఈ విషం సంగతి 1960లో ఇంగ్లండ్‌లో వేరుశనగ పిండి తిన్న టర్కీ కోళ్లు దాదాపు లక్ష చచ్చిపోయాక బయటపడింది. అనంతపురం రైతుకి ఇది పరిచయమైన బెడదే. పంట చివర్లో వాన మొహం చాటేస్తే కాయలోకి ఈ బూజు ఎక్కువగా దిగుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి దీని మీదే పనిచేస్తున్నారు. కోజి బూజులోనూ ఆ విషానికి సంబంధించిన జన్యువుల ఆనవాళ్లు ఉన్నాయి. కొన్ని తెగిపోయాయి, మిగిలినవి పనిచెయ్యవు. దాని జన్యుపటం 2005లో వెలువడింది. మనుషుల చేతిలో తరతరాలుగా పెరిగి విషం పోగొట్టుకుని, పిండిని విరిచే శక్తిని పెంచుకున్న బూజు ఇది. అడవి తోడేలు కుక్కగా మారినట్టే. సూక్ష్మజీవి అనే ఊహే లేని రోజుల్లో ఇదంతా జరిగింది. విత్తనపు కోజి అమ్మే దుకాణాలు జపాన్‌లో కొన్ని వందల ఏళ్లుగా ఉన్నాయి. వాళ్లు బియ్యంలో చెట్ల బూడిద కలిపేవారు. బూడిద క్షారానికి మిగతా క్రిములు చస్తాయి, కోజి మాత్రం తట్టుకుంటుంది. ఎందుకలా అని చెప్పగలిగేవాళ్లు లేరు గానీ, పని జరిగిపోయింది.

ఆ తర్వాత తొట్టిలో జరిగేది ఇంకో తమాషా. బీరులో ముందు పిండి చక్కెరవుతుంది, ఆ తర్వాతే ఈస్ట్ దిగుతుంది. సాకేలో రెండూ ఒకే తొట్టిలో, ఒకేసారి. కోజి కాస్త చక్కెర విడుదల చేస్తుంటే, ఈస్ట్ దాన్ని ఎప్పటికప్పుడు ఆల్కహాల్‌గా మార్చేస్తుంటుంది. చక్కెర ఒక్కసారిగా పేరుకుంటే ఈస్ట్ ఉక్కిరిబిక్కిరవుతుంది, ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. అందుకే బట్టీ పెట్టకుండానే సాకే 20 శాతం దాకా వెళ్తుంది. వైన్ మామూలుగా 12 నుంచి 15 దగ్గర ఆగిపోతుంది. సాకేని సీసాలో పోసే ముందు నీళ్లు కలిపి 15, 16కి దించుతారు.

సీసా మీద దైగింజో అని ఉంటే, బియ్యపు గింజలో కనీసం సగం అరగదీసి పారేశారని అర్థం. అంత వృథా ఎందుకు? గింజ పైపొరల్లో కొవ్వు ఉంటుంది. అందులోని కొవ్వు ఆమ్లాలు ఈస్ట్ సువాసనలు చేసే దారిని మూసేస్తాయి. పైపొర తీసేసి, 10 డిగ్రీల చలిలో నెల రోజులు మెల్లగా పులియబెడితే అరటిపండు వాసన, ఆపిల్ వాసన వస్తాయి. చుక్క ఎసెన్స్ కలపరు.

నీళ్ల విషయంలోనూ వీళ్లు రసాయనశాస్త్రం సాయం లేకుండానే పరీక్ష పెట్టారు. యమమురా తజాఎమోన్ అనే వ్యాపారికి కోబె పక్కన రెండు ఊళ్లలో సాకే తయారీశాలలుండేవి. నిషినొమియాలోది ఎప్పుడూ బాగా కుదిరేది. పనివాళ్లను మార్చి చూశాడు, బియ్యం మార్చి చూశాడు, ఫలితం లేదు. చివరికి నిషినొమియా బావి నీళ్లు రెండో ఊరికి మోయించాడు. 1840లో తేలింది, తేడా నీళ్లదే. ఆ నీళ్లలో ఇనుము దాదాపు లేదు. కోజి విడుదల చేసే ఒక పదార్థం ఇనుముతో కలిసిందంటే సాకే ఎర్రటి గోధుమరంగులోకి తిరిగి, రుచి చెడుతుంది.

ఇక వేడి. ఒకే సాకేని 5 డిగ్రీల చల్లదనం నుంచి 55 డిగ్రీల వేడి దాకా రకరకాలుగా ఇస్తారు. దైగింజోని వేడి చేయించుకోవడం డబ్బు దండగని నా అభిప్రాయం, ఆ పళ్ల వాసనంతా ఆవిరితో పోతుంది. పుల్లగా, దిట్టంగా ఉండే జున్‌మాయ్ రకం అయితే 45 దగ్గర చాలా బాగుంటుంది.

బార్‌లో చుట్టూ చూస్తే రెండు గుక్కలకే మొహం కందిపోయినవాళ్లు కనిపిస్తారు. అది మత్తు కాదు. ఆల్కహాల్ ఒంట్లో ముందు అసిటాల్డిహైడ్ అవుతుంది, దాన్ని ఇంకో ఎంజైమ్ విరవాలి. జపాన్‌లో సుమారు 40 శాతం మందికి ఒక్క అమైనో ఆమ్లం మార్పుతో ఆ ఎంజైమ్ మందగించింది. ఆ విషపదార్థం రక్తంలో నిలిచిపోయి మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది. మనవాళ్లలో ఈ మార్పు చాలా అరుదు. అక్కడ ఎదుటివాళ్ల గ్లాసు ఖాళీ అవగానే నింపడం మర్యాద కాబట్టి, వద్దనాలంటే గ్లాసు నిండుగానే ఉంచుకోవాలి, లేదా ఊలాంగ్ టీ చెప్పుకోవాలి. మొహం కందేవాళ్లు అలవాటుగా తాగితే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ. కాబట్టి పక్కన కూర్చున్న జపాన్ సహోద్యోగి టీతోనే సాయంత్రమంతా గడిపేస్తుంటే, ఇంకొకటి వేయమని బలవంతపెట్టకండి.