కాలువ చివరి మడి, కేబుల్ చివరి సెన్సర్

మా మామయ్య కోళ్ల షెడ్డులో ఉష్ణోగ్రత, తేమ కొలవడానికి ఎస్‌హెచ్‌టీ31 సెన్సర్ ఒకటి పెట్టాను. ఇంట్లో టేబుల్ మీద జానెడు తీగలతో రోజంతా చక్కగా పనిచేసింది. షెడ్డులో 20 మీటర్ల నెట్‌వర్క్ కేబుల్ చివర కట్టేసరికి ఒకసారి రీడింగ్ వస్తే మూడుసార్లు ఎర్రర్. పెద్ద ఫ్యాన్లు వేసినప్పుడైతే పూర్తిగా నోరు మూసుకునేది. "తీగ ఎక్కడో తెగిందేమో చూడరా" అన్నాడు మామయ్య. మల్టీమీటర్ పెట్టి చూశాను. ప్రతి తీగా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బాగానే ఉంది.

తీగ బాగుంటే మాట ఎందుకు చేరడం లేదు? ఈ సెన్సర్ మాట్లాడే పద్ధతి పేరు ఐటూసీ. 1982లో ఫిలిప్స్ కంపెనీ దీన్ని తయారుచేసింది. టీవీ లాంటి పరికరాల్లో ఒకే బోర్డు మీద పక్కపక్కన ఉండే చిప్‌లు మాట్లాడుకోవడానికి పుట్టిన పద్ధతి ఇది. దీనికి రెండే తీగలు. ఒకదాని మీద సమాచారం, రెండో దాని మీద పాటకు తాళం వేసినట్టు లయ చూపే పల్సులు, అదే క్లాక్. రెండు తీగలనూ రెసిస్టర్ల ద్వారా 3.3 వోల్టులకు కట్టి ఉంచుతారు. సున్నా చెప్పాలనుకున్న చిప్ తీగను గ్రౌండుకు లాగుతుంది. ఒకటి చెప్పాలంటే ఊరికే వదిలేస్తుంది. తీగను మళ్లీ పైకి తీసుకెళ్లే పని రెసిస్టర్‌దే. ఒకే తీగ మీద ఎన్ని చిప్‌లున్నా ఒకదానితో ఒకటి కొట్లాడుకోకుండా ఉండటానికి చేసిన ఏర్పాటిది. నిజంగా అందమైన ఆలోచన.

చిక్కంతా ఆ వదిలేయడం దగ్గరే ఉంది. తూము ఎత్తగానే చివరి మడికి నీళ్లు రావు కదా, ముందు కాలువ నిండాలి. కేబుల్ కూడా అంతే. పక్కపక్కన నడిచే రెండు తీగలు కొంత విద్యుదావేశాన్ని తమలో దాచుకుంటాయి. దీన్నే కెపాసిటెన్స్ అంటాం. మామూలు నెట్‌వర్క్ కేబుల్లో ఇది మీటరుకు 50 పీకోఫారడ్ల (కెపాసిటెన్స్ కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. 20 మీటర్లకు 1000 అయింది. ఐటూసీ నియమావళి ఒప్పుకునేది 400 మాత్రమే. అంటే ఎనిమిది మీటర్లకే హద్దు దాటిపోతాం.

సున్నాకి లాగడం గట్టు తెగ్గొట్టినట్టు చటుక్కున అయిపోతుంది. ఒకటికి ఎక్కడం మాత్రం సన్నని తూము గుండా కాలువ నింపడం. ఆ తూము రెసిస్టరే. మా బోర్డు మీదున్నవి 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు. లెక్క కడితే తీగ పైకి లేవడానికి దాదాపు 4 మైక్రోసెకన్లు పడుతోంది. మామూలు వేగంలో, అంటే 100 కిలోహెర్ట్జ్ దగ్గర, నియమావళి ఇచ్చే గడువు 1 మైక్రోసెకను. కాలువ నిండిందో లేదో, మళ్లీ గట్టు తెగ్గొడుతున్నారన్నమాట. వోల్టేజీని గీతగా చూపే ఆసిలోస్కోపులో చూస్తే గోడలా నిలువుగా లేవాల్సిన గీత గుట్టలా వాలుగా పాకుతూ లేస్తోంది.

రెండు పనులు చేశాను. తూము వెడల్పు చేయడానికి 1.5 కిలో ఓమ్ రెసిస్టర్లను ఉన్నవాటికి సమాంతరంగా కలిపాను. రెండూ కలిసి సుమారు 1.1 కిలో ఓమ్ అయ్యాయి, లేచే సమయం 1 మైక్రోసెకనుకు దిగింది. ఇంకా తగ్గించాలని ఆశపడకూడదు. తీగను కిందికి లాగే చిప్ 3 మిల్లీఆంపియర్లు మోస్తే చాలని నియమం, మనం అప్పటికే 2.5 దాటాం. రెండో పని, క్లాక్ వేగాన్ని 10 కిలోహెర్ట్జ్‌కి తగ్గించడం. షెడ్డు ఉష్ణోగ్రత నిమిషానికోసారి తెలిస్తే సరిపోతుంది, అంత తొందర దేనికి?

రీడింగులు కుదుటపడ్డాయి. కానీ ఫ్యాన్ల గొడవ తీరలేదు. మోటారు స్టార్టయినప్పుడు పుట్టే కుదుపు క్లాక్ తీగలోకి దూరితే, సెన్సర్ దాన్ని ఇంకో క్లాక్ అనుకుంటుంది. లెక్క తప్పుతుంది. రీడింగ్ అడిగే చిప్, అంటే కంట్రోలర్, మాట ముగిసిందనుకుంటే, సెన్సర్ ఇంకా సున్నా చెబుతూ సమాచార తీగను కిందికి పట్టుకునే ఉంటుంది. ఇక ఎవరూ మాట్లాడలేరు. కరెంటు తీసి మళ్లీ ఇస్తే తప్ప వదలకపోవడానికి కారణం అదే. దీనికి నియమావళిలోనే మందుంది. క్లాక్ తీగ మీద తొమ్మిది పల్సులు పంపితే, సెన్సర్ తన బైటు (ఎనిమిది సున్నా-ఒకట్ల మాట) పూర్తిచేసుకుని తీగను వదిలేస్తుంది.

కేబుల్లో తీగలు రెండేసి మెలివేసి జతలుగా ఉంటాయి, ఆ జతలు కూడా చూసుకోవాలి. సమాచారం, క్లాక్ రెండూ ఒకే మెలికలో పెట్టడం చాలామంది చేసే తప్పు, నేనూ చేశాను. ఒకదాని కదలిక రెండోదానిలోకి పాకుతుంది. ఒక్కోదాన్నీ గ్రౌండుతో జతచేయాలి.

పీ82బీ715 లాంటి, సంకేతానికి బలమిచ్చే బఫర్ చిప్‌లు కేబుల్‌కి రెండు చివరలా పెడితే 3000 పీకోఫారడ్ల దాకా లాక్కెళ్తాయి. కానీ మోటార్లున్న చోట నేను నమ్మేది ఆర్‌ఎస్-485నే. 1983 నాటి ఈ పద్ధతిలో ఒకే మాటను మెలివేసిన రెండు తీగల మీద, ఒకటి పైకి వెళ్తే ఇంకొకటి కిందికి వెళ్లేలా పంపుతారు. అవతల చూసేది రెండింటి మధ్య తేడాని మాత్రమే. గోదావరి పడవలో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిని అల ఎంత ఎత్తినా, వాళ్ల ఎత్తుల్లో తేడా మారదు కదా. మోటారు కుదుపు కూడా రెండు తీగలనూ ఒకేలా ఊపుతుంది, తేడా అలాగే ఉంటుంది. 0.2 వోల్టు తేడా ఉన్నా గుర్తుపడుతుంది, తక్కువ వేగంలో 1200 మీటర్ల దాకా వెళ్తుంది. తీగలు మెలివేస్తే పక్క లైన్ల గోల తగ్గుతుందన్న కిటుకుకు గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు తీసుకున్నాడు.

చివరికి షెడ్డులో సెన్సర్ పక్కనే చిన్న కంట్రోలర్ పెట్టాను. వాళ్లిద్దరి మధ్య ఐటూసీ జానెడు దూరమే నడుస్తుంది. అక్కణ్ణుంచి ఇంటి దాకా ఆర్‌ఎస్-485, రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్. బిగించిన రోజు మామయ్యని ఫ్యాన్లన్నీ ఒకేసారి వేయమన్నాను. షెడ్డంతా హోరెత్తింది. తెర మీద అంకె ఒక్కసారి కూడా తప్పలేదు.