ఆశా ఫారంలో లేని ప్రశ్న

బాలింతల మనసు గురించి ఆశా కార్యకర్తలు అడగాలా వద్దా అనే పేచీ ప్రతిసారీ ఒకేలా మొదలవుతుంది. ఎక్కడో ఒక తల్లి, నెలల బిడ్డ, ఒక దుర్వార్త. టీవీ తెర అడుగున ‘కసాయి తల్లి’ అని స్క్రోలింగ్. మర్నాడు ఒక డాక్టరు గారు స్టూడియోకు వచ్చి అది డిప్రెషన్ కావచ్చంటారు. మూడో రోజుకు ఇంకో వార్త.

తల్లి ముఖంలో కదలిక లేకపోతే పసిబిడ్డ ఎలా తల్లడిల్లుతుందో చూపించే అమెరికా వీడియో మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది. మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో మొదలుపెట్టిన ఆ ప్రయోగం కథ ఇక్కడ మళ్లీ చెప్పను. ఒక్క సంగతి మాత్రం గుర్తు పెట్టుకోవాలి. ఆ తల్లులకు ఏ జబ్బూ లేదు. కాసేపు ముఖం కదపొద్దంటే ఆగారు, అంతే. మామూలు తల్లీబిడ్డల మధ్య కూడా తాళం తరచూ తప్పుతుందనీ, తప్పినదాన్ని మళ్లీ కలుపుకోవడమే ముఖ్యమనీ అదే ట్రానిక్ చెప్పారు. ఆ భాగాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. అమ్మ నవ్వకపోతే బిడ్డ పాడైపోతుందన్న తీర్పే మిగిలింది.

నా దృష్టిలో మన దేశానికి సంబంధించిన అసలు మలుపు 2002లో వచ్చింది, గోవాలో. విక్రమ్ పటేల్, మెర్లిన్ రోడ్రిగ్స్, నందిత డిసూజా అనే పరిశోధకులు 270 మంది గర్భిణులను నెలలు నిండే రోజుల నుంచీ గమనించారు. కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు 23 శాతం మందిలో డిప్రెషన్ కనిపించింది. వాళ్లలో 78 శాతం మంది మనసు కడుపుతో ఉన్నప్పుడే బాగా నలిగిపోయి ఉంది. అంటే ఇది కాన్పుతో ఊడిపడింది కాదు, అప్పటికే ఇంట్లో ఉంది. సగానికి పైగా ఆరో నెలకూ కోలుకోలేదు.

కారణాల దగ్గరే అసలు కథ. పేదరికం, భర్తతో సరిపడకపోవడం, పుట్టింది ఆడపిల్ల కావడం. మొగుడి దెబ్బలూ ఆకలీ ఆమె మీద ఎంత ప్రభావం చూపుతాయన్నది కూడా బిడ్డ ఆడో మగో అన్నదాన్ని బట్టి మారింది. తమిళనాడు పల్లెల్లో జరిగి అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనంలో 11 శాతం తేలింది. శాతం తగ్గింది గానీ కారణాలు అవే: తక్కువ రాబడి, కొడుకు కావాలనుకుంటే కూతురు పుట్టడం, చేతికింద సాయం లేకపోవడం, అత్తతోనూ, కన్నవాళ్లతోనూ పొసగకపోవడం. ‘మన దగ్గర పుట్టింటికి తీసుకెళ్తాం, కాయం పెడతాం, నూనె రాసి స్నానం చేయిస్తాం, మనకెందుకొస్తుంది’ అనేవాళ్లు ఆ ‘కన్నవాళ్లతోనూ’ అన్న మాట మరోసారి చదవాలి.

కూతురు పుడితే తల్లి మీద పడే బరువు ప్రభుత్వానికి బొత్తిగా తెలియదనుకోను. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో మగబిడ్డ పుడితే 12 వేలు, ఆడబిడ్డ పుడితే 13 వేలు అని పెట్టారు. ఆ అదనపు వెయ్యి దేనికో బాలింతకు ఎవరూ చెప్పక్కర్లేదు.

గోవా బృందమే 2003లో మరో ఫలితం ప్రకటించింది: డిప్రెషన్ ఉన్న తల్లుల బిడ్డలు ఆరో నెలకు బరువులోనూ పొడవులోనూ వెనకబడ్డారు. చర్చ అక్కడ పక్కకు జరిగిందని నా అనుమానం. తల్లి ఏడుస్తోందంటే కదలని వ్యవస్థ, బిడ్డ బరువు తగ్గిందంటే కదిలింది.

పాకిస్తాన్‌లో అతీఫ్ రెహమాన్ బృందం ఆ లెక్కనే అనుకూలంగా వాడుకుంది. రావల్పిండి పల్లెల్లో మన ఆశాల్లాంటి లేడీ హెల్త్ వర్కర్లకు శిక్షణ ఇచ్చారు. డిప్రెషన్ పేరెత్తకుండా, బిడ్డ బాగుండాలంటే ఏం చేద్దామంటూ మొదలుపెట్టించారు. అలాగైతే అత్తలూ అడ్డుచెప్పరు. మొత్తం 903 మంది తల్లులు. 2008లో ఫలితాలు వచ్చాయి. ఆరో నెలకు ఈ సాయం అందినవాళ్లలో 23 శాతం మందికి డిప్రెషన్ ఉంటే, అందనివాళ్లలో 53 శాతం మందికి ఉంది. బిడ్డలకు విరేచనాలు తగ్గాయి, టీకాలు సరిగా పడ్డాయి, తల్లీ తండ్రీ ఇద్దరూ బిడ్డతో ఎక్కువ ఆడుకున్నారు. బరువు, పొడవుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆమె కోలుకుంది. అది చాలదా అని అడగాలనిపిస్తుంది గానీ, బిడ్డ పేరుతో తీసిన తలుపు కాబట్టి లెక్కా బిడ్డ పేరుతోనే అడుగుతారు.

వద్దనేవాళ్ల వాదన: ఆశాలకు ఇప్పటికే మోయలేనంత పని, జబ్బు కనిపెట్టినా పంపడానికి దగ్గర్లో సైకియాట్రిస్టు ఉండరు. రెండూ నిజమే. రావల్పిండిలో ఆ మాటలు మాట్లాడింది సైకియాట్రిస్టులు కాదన్నదీ నిజమే.

ఇక ఫారం సంగతి. 2011 నుంచి అమల్లో ఉన్న ఇంటింటి నవజాత శిశు సంరక్షణ కింద, ఆసుపత్రిలో కాన్పయితే ఆశా ఆరుసార్లు ఇంటికి రావాలి: 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో. బిడ్డ బరువు, ఒంటి వేడి, బొడ్డు, పాలు చూస్తుంది. తల్లి గురించీ అడుగుతుంది: జ్వరం ఉందా, ఫిట్స్ వచ్చాయా, పొంతన లేకుండా మాట్లాడుతోందా. మాట తేడా వస్తే పట్టుకునే గడి ఉంది. అసలు మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంటే రాసుకునే గడి లేదు. బాలింతల్లో డిప్రెషన్‌ను పసిగట్టడానికి 1987లో స్కాట్లండ్‌లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పదే ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల గురించి. చివరిది, తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అని.

నలభై రెండో రోజు చివరి సందర్శన. గోవాలో లెక్క తీసింది సరిగ్గా ఆ రోజుల్లోనే. 2018లో చేర్చిన తర్వాతి విడత మూడో నెలలో మొదలవుతుంది. అప్పటికి చాలామంది బాలింతలు అత్తారింటికి వెళ్లిపోతారు. అక్కడ ఆశా కార్యకర్త వేరే ఆవిడ.